నేలంటి కూర్చున్న చైనా దేవుడు

రెండువేల ఐదులో దుబాయి పక్కనున్న అజ్మాన్‌లో ఒక చైనా ఆవిడ లైట్ల అంగట్లో పనికి కుదిరాను. అప్పటికే మా ఆయన పని పోయి ఇంట్లో కూర్చున్నాడు. ఈ పనీ పోతే మూటాముల్లె సర్దుకుని నెల్లూరు పోవాల్సిందే.

అంగడి తెరిచే రోజు అందరికంటే ముందే వెళ్ళాను. తలుపుకి ఎదురుగా, నేల మీద, ఎర్రటి చిన్న మందిరం. లోపల కర్ర పట్టుకున్న తెల్లగడ్డం తాత. ముందర చిట్టి కప్పుల్లో టీ, కమలాపండ్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుణ్ణి తెచ్చి కాళ్ళ దగ్గర పెడతారా ఎవరైనా? "అయ్యో స్వామీ, నీకెంత కష్టమొచ్చింది!" అని చెప్పులు అక్కడే విప్పి, మందిరాన్ని తడిగుడ్డతో తుడిచి, కౌంటర్ పైనున్న అరలో ఎత్తుగా కూర్చోబెట్టాను. మహా మంచి పని చేశానని మురిసిపోయాను కూడా.

ఆవిడ వచ్చింది. నేల వంక చూసింది, అర వంక చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే పెట్టాను," అన్నాను.

"ఖలాస్. గో హోమ్," అంది. ఖలాస్ అంటే ఇక్కడ అయిపోయిందని, నా పని ఊడిందన్నమాట.

నేనూరుకునే రకమా? వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనూ, మిగతాది చేతులతోనూ దులిపేశాను. మా ఇంట్లో దేవుడు పైనుంటాడు, మేం కిందుంటాం, ఆయన్ని కాళ్ళ దగ్గర పెట్టింది మీరే!

ఆవిడ నేను విప్పిన చెప్పుల వంక కాసేపు చూసింది. కోపం దిగింది. వంగి నేలని అరచేత్తో తట్టి, "హి బాస్. దిస్ గ్రౌండ్," అంది. ఈ నేలకి ఆయన యజమాని. నేలని తాకకుండా పైనెక్కి కూర్చుంటే మన బాగోగులు ఆయనకెట్టా తెలుస్తాయి?

"చైనాలో కదా?" అన్నాను. కాదట. అంగడి ఎక్కడ పెడితే అక్కడి నేలకి ఒకాయన ఉంటాడట. ఈయన అజ్మాన్ వాడేనట!

ఇక్కడ మా వీసాలకి పూచీ పడే అరబ్బు యజమానిని కఫీల్ అంటాం. "అయితే ఈయన కఫీల్!" అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వింది.

ఇదంతా వాళ్ళ తావో మతంలోదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిణ్ణడిగితే ఏ మతమో చెప్పలేకపోయింది. పొయ్యికొక దేవుడు, గుమ్మానికిద్దరు, నేలకొకాయన. వాళ్ళమ్మ టీ పెట్టేది, తనూ పెడుతోంది, అంతే. మనం గడపకి పసుపు రాస్తూ ఏ శాస్త్రమో చెప్పగలమా?

నన్నే దించమంది. రెండు చేతులా దించి, అలవాటు కొద్దీ నేలని తాకి కళ్ళకద్దుకున్నాను. ఈ దేశమొచ్చి అన్నేళ్ళయినా ఈ నేలకి దణ్ణం పెట్టడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఒక కమలాపండు నా చేతిలో పెట్టి, దేవుడి కప్పులు చూపిస్తూ, "టుమారో టీ, యూ," అంది.

సాయంత్రం ఆ పండు ఒలిచి మా ఆయనకి పెట్టాను.

"ఎవరిచ్చారే?" అన్నాడు.

"మన కఫీల్," అన్నాను.