బూట్లు విప్పని యర్రయ్య మావ

మా యర్రయ్య మావ బూట్లు విప్పడు. ఆయన గురించి ఎవరు ఎంత చెప్పినా చివరికి తేలేది ఇదే. మోకాళ్ల దాకా వచ్చే నల్ల రబ్బరు బూట్లు. నడిస్తే గుబుక్ గుబుక్ మని చప్పుడు. అండమాన్‌లోని మాయాబందర్ జెట్టీ పక్కనున్న మా గల్లీలో ఆ చప్పుడు కుక్కలకు కూడా తెలుసు. మావ మలుపు తిరక్కముందే లేచి పక్కకు జరుగుతాయి.

బంధుత్వం మాత్రం అడక్కండి. గల్లీలో అందరం తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వేట కోసం వచ్చినవాళ్లమే. ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది. ఆయన మా అమ్మని చెల్లెమ్మా అంటాడు కాబట్టి నాకు మావ. నా పేరు ప్రమోద. ఇక్కడే సర్కారీ ఆఫీసులో పని. ఆఫీసులో కూడా నన్ను "బూట్‌వాలే కీ భాంజీ", బూట్లాయన మేనకోడలు, అనే అంటారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో, విమానాశ్రయం పక్క లంబాలైన్‌లో ఉండే సత్యారావు గారింట్లో ఒకసారి పెళ్లికి వెళ్లాం. తాళి కట్టే వేళకి నెత్తి మీదనుంచి విమానం దిగింది. ఆ మోతలో బాజాలు వినపడలేదు, మంత్రాలు వినపడలేదు, మావ బూట్లు మాత్రం వినపడ్డాయి. పందిట్లోకి వచ్చేస్తున్నాడు.

సత్యారావు గారు పరుగెత్తుకొచ్చారు. "అరే భయ్యా, పందిట్లో బూట్లేటి? విప్పేయండి!"

"విప్పను బావా. మీ ఊల్లో ఎలకల్లేవేటి?"

"ఎలకలకీ పెళ్లికీ ఏటి సంబంధం?"

"పెళ్లంటే భోజనాలు. భోజనాలంటే ఎలకలు. ఎలకలంటే జొరం. వాన కూడా పడతంది, సూడు."

రాజీ కుదిరింది. మావ పందిరి అంచున కుర్చీ వేయించుకుని, కాళ్లు పందిరి బయట, మిగతా మనిషి పందిరి లోపల ఉండేట్టు కూర్చుని పెళ్లంతా చూశాడు. అక్షింతలు అక్కడినుంచే విసిరాడు. అవి పురోహితుడి మీద పడ్డాయి.

గుడి సంగతీ అంతే. గేటు బయట నిలబడి అమ్మవారితో గట్టిగా మాట్లాడతాడు. లోపలున్నవాళ్ల మొక్కులు అమ్మవారికి వినపడవని ఆడవాళ్ల ఫిర్యాదు.

అసలు చిక్కు పడవ దగ్గర. మావాళ్లు పడవ మీద చెప్పుకాలు పెట్టరు. పడవంటే గంగమ్మ తల్లి. అందుకే మా మగవాళ్లు ఇంటి దగ్గరనుంచే ఉత్త కాళ్లతో బయల్దేరుతారు. మావ ఏం చేశాడు? పడవ అంచు దాకా బూట్లతో వచ్చి, అక్కడ విప్పి, రెంటినీ తాడుతో కట్టి మెడలో వేసుకుని ఎక్కాడు. సముద్రం మీద ఉన్నంతసేపూ అవి ఆయన గుండెల మీద ఊగుతుంటాయి. వల లాగేటప్పుడు వీపు మీదకి తిప్పుకుంటాడు.

"మావా, ఆ దండేటి? నిన్నెవలు సన్మానం చేసినారు?" అంటాడు పడవ యజమాని బంగారురాజు.

"తల్లికి నా కాళ్లే కదరా తగిలినాయి. బూట్లు తగిలినాయేటి? నీ పని నువ్వు సూసుకో."

పడవలో అందరూ నవ్వుతారు. మావ కళ్లు చికిలించుకుని ఆ నవ్వులన్నీ దర్జాగా అందుకుంటాడు.

నవ్వుకునే సంగతులు ఇక్కడికి కొంచెం ఆపుతాను. ఈ బూట్లు మా గల్లీకి పెళ్లికో పండక్కో రాలేదు. చావుల వెనక వచ్చాయి.

మా గల్లీ పల్లం. పైన పశువుల కొట్టాలు, ఆ పక్కన పందుల దొడ్డి, మధ్యలో ఎవరి అనుమతీ అడగని ఎలకలు. వాన పడితే అదంతా కడుక్కుని నాలాలోకి, నాలా పొంగి గల్లీలోకి వస్తుంది. మావాళ్లకి ఇంకో ఆచారం. వేట నుంచి వచ్చినవాడు ఉప్పుకాళ్లతో గడప తొక్కకూడదు. తొక్కితే ఇంట్లో సిరి నిలవదంటారు. కుళాయి వచ్చేది పొద్దున కాసేపే. అందుకని వల తాళ్లు కోసిన కాళ్లు, పగడపు రాళ్లు చీరిన కాళ్లు తీసుకొచ్చి, గల్లీ మొదట్లోని ఆ నాలా గుంటలో శుభ్రంగా రుద్ది కడిగి మరీ ఇంట్లోకి వస్తారు.

రెండేళ్ల కిందటి వానల్లో జ్వరాలు మొదలయ్యాయి. ముందు చూడి పశువులు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. తరవాత మనుషులు పడ్డారు. కళ్లు ఎర్రగా, పిక్కలు ముట్టుకుంటే కేక. ఆ తరవాత పచ్చబడడం, కొందరికి దగ్గితే నెత్తురు. మావ పక్కన తెడ్డు వేసిన అప్పలరాముడు పోయాడు. పశువుల కొట్టం చిట్టితల్లి మొగుడు పోయాడు. ఇంకా పోయారు. పాడె మోసినవాళ్లు తిరిగొచ్చి అదే గుంటలో కాళ్లు కడుక్కున్నారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చావులు మొదలవగానే, అప్పలరాముడు ఇంకా ఉండగానే, హెల్త్ సెంటర్ నుంచి రాజకుమారి దీదీ వచ్చి ఇంటింటికీ చెప్పింది. "ఎలకలు, ఆవులు, పందులు ఉచ్చ పోస్తాయి కదా, అందులో ఉంటాదీ పురుగు. అవి బాగానే ఉన్నట్టు కనబడినా సరే. నిలవ నీళ్లలోకొచ్చి, కాలి గాయంలోంచి ఒంట్లోకి దూరతాది. ఉప్పునీళ్లలో ఎక్కువసేపు బతకదు. మీకు సముద్రం వల్ల కాదు, గల్లీ వల్ల జొరం."

ఇంటికో జత బూట్లు పంచింది. మా గల్లీ వాటిని ఎంత గౌరవించిందంటే, ఒకరు కొత్తిమీర వేశారు, ఒకరు గాలాలు దాచారు, మా పక్కింటావిడ ఒక దాంట్లో పిల్లిని కననిచ్చింది. కాళ్లకి మాత్రం తొడిగి తిరిగేవాళ్లు లేరు. బూట్లేసుకున్న జాలరిని చూసి జెట్టీ అంతా నవ్వుతుంది మరి. చావుకి భయపడనివాడు కూడా ఆ నవ్వుకి భయపడతాడు.

అప్పలరాముడు పోయిన కొద్ది రోజులకే యర్రయ్య మావ బూట్లెక్కాడు. ఇక దిగలేదు. స్నేహితుడు పోయిన దిగులుతో మతి చెదిరిందన్నారు. చావంటే అంత భయమా అన్నారు.

ఈ ఏడు వానలకి మా శివాజీ వంతు వచ్చింది. వాడు నా తమ్ముడు, వేటకి వెళ్తాడు. వాలీబాల్ ఆడతాడు, జుట్టుకి నూనె బదులు ఏదో జెల్ రాస్తాడు, ప్యాంటు మడతపెడితే పిక్కలు కనపడాలి వాడికి. మావ రోజూ వాకిట్లోకి వచ్చి అరిచేవాడు.

"ఒరే గుంటడా! ఆ కాలికి గాయమేట్రా? బూట్లేసుకో!"

"ఛోడో మావా. నీలాగ జోకర్నయి తిరగమంటావేటి?"

"జోకర్ని నానున్నాను కదరా. నువ్వు ఉత్తినే ఏసుకో."

శివాజీ పకపకా నవ్వి, అదే గాయం కాలిని అదే గుంటలో కడుక్కుని లోపలికొచ్చాడు.

జ్వరం వచ్చింది. వానలో తడిశాననుకున్నాడు. పిక్కలు నొప్పంటే ఆటలో గుంజుకున్నాయన్నాడు. కళ్లు ఎర్రబడితే నిద్ర చాలలేదన్నాడు. గడపలో నిలబడి వాడి కళ్లు చూసింది మావే. వెంటనే ఆటో పిలిచి, వాణ్ని మూట కట్టినట్టు ఎత్తి పడేసి ఆస్పత్రికి తెచ్చాడు.

డాక్టరు గారు దాచలేదు. "కిడ్నీలు దెబ్బతింటున్నాయి. పోర్ట్‌బ్లెయిర్ పంపాలి. కానీ ఈ గాలివానలో హెలికాప్టర్ ఎగరదు, ఓడ కదలదు. రోడ్డు మీద అంత దూరం ఈ స్థితిలో పంపడం నాకిష్టం లేదు. మందులు మొదలుపెట్టాను. మూత్రం రావాలి. అదొస్తే గట్టెక్కుతాడు."

ఇరవై మూడేళ్ల తమ్ముడి ప్రాణం చుక్కలుగా లెక్కపెట్టుకుంటూ వరండాలో కూర్చున్నాం. అమ్మ కన్నీళ్లు కూడా ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడు గుబుక్ గుబుక్ మంటూ మావ వచ్చాడు. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వరండాలో ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు.

అమ్మ లేచింది. మా అమ్మ మాట తూలే మనిషి కాదు. ఆ పూట తూలింది.

"ఇక్కడికి కూడా ఏసం కట్టుకునొచ్చినావా అన్నా? నీ ఏసాలు సూసే గదా నా కొడుకు బూట్లంటే నవ్వినాడు! నువ్వు కోతిలాగ ఎగరకపోతే ఆడు ఎప్పుడో తొడుక్కునేవోడు. నువ్వే సంపేసినావు నా కొడుకుని!"

మావ వెనక్కి తిరిగి వానలోకి వెళ్లి, గేటు బయట నిలబడ్డాడు. ఈసారి అమ్మవారితో కూడా ఏమీ మాట్లాడలేదు.

ఆయన వెనకే టిఫిన్ క్యారియర్‌తో వచ్చిన మావ భార్య గురువమ్మ అత్త ఇదంతా విన్నది. క్యారియర్ కింద పెట్టి అమ్మ పక్కన చతికిలబడింది.

"ఒదినా, నీ కడుపు మంట నాకు తెలుసు. ఒక్క మాట ఇను. మీ అన్నకి ఆ బూట్లంటే అసయ్యం. ఇంటికొచ్చి తలుపేసుకోగానే ఇప్పి పారేస్తాడు. కాళ్లు నాని పాసిపోయుంటాయి. నాను కొబ్బరినూనె రాస్తంటే సిన్నపిల్లోడిలా ఏడుస్తాడు."

"మరెందుకొచ్చిన ఏసాలు?" అంది అమ్మ, కోపం తగ్గకుండానే.

"అప్పలరాముడు. దీదీ బూట్లిచ్చిన మర్నాడు ఆడొక్కడే తొడుక్కుని జెట్టీకొచ్చినాడు. అందరికన్నా ముందు నవ్వినోడు ఎవులు? మీ అన్నే. 'సలాం కలెక్టర్ సాబ్' అని వంగి సలాం కొట్టినాడు. జెట్టీ అంతా నవ్వింది. అప్పలరాముడు సిగ్గుపడి ఆ బూట్లు ఇప్పి నీళ్లలోకి ఇసిరేసినాడు. మళ్లీ ఏసుకోలేదు. తరవాత ఏటయిందో నీకు తెలుసు."

గురువమ్మ అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"'నవ్వే నోళ్లని నాను ముయ్యలేనే, గురువా' అన్నాడు మీ అన్న. 'నాకేసి తిప్పుకుంటాను. నన్ను సూసి నవ్వతన్నంత సేపు ఇంకోల్ని సూడరు గదా.' అదీ ఆయన ఏసం."

వాన కారుతున్న చూరు కింద కూర్చుని నేను మా గల్లీని తలచుకున్నాను. చిట్టితల్లి ఎప్పటినుంచో పశువుల కొట్టంలోకి బూట్లతోనే వెళ్తోంది. పందుల దొడ్డి వాళ్లూ అంతే. వల బాగుచేసే గణపతి గడప ముందు ఒక జత ఎప్పుడూ బురదతో ఉంటుంది. వీళ్లంతా ఎప్పుడు మొదలుపెట్టారో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. మేమందరం మావని చూసి నవ్వుతున్నాం. చచ్చినవాళ్లని ఎవరూ తేలేరు గానీ, ఈ ఏడు మా గల్లీలో పడకేసింది శివాజీ ఒక్కడే.

అమ్మ గొడుగు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఇద్దరూ ఒక గొడుగు కింద నిలబడ్డారు, అంతే చూశాను.

మర్నాడు మధ్యాహ్నం నర్సు సీసా పైకెత్తి చూపించింది. ఒకరి ఉచ్చ చూసి ఒక కుటుంబం అంత సంతోషపడడం ఆ ఆస్పత్రిలో అదే మొదటిసారి కాదట. అమ్మ నర్సుకి దణ్ణం పెట్టింది. పొరపాటున సీసాకి కూడా పెట్టింది.

శివాజీ బతికాడు. సగం మనిషై ఇంటికొచ్చాడు. మళ్లీ వేటకి వెళ్లేంత బలం పుంజుకునేసరికి వానలు ఇంకా పోలేదు. ఆ పొద్దున వాడు గడపలో బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు. ఎంతకీ లేవడు.

"చచ్చి బతికావురా. ఇంకా ఏటి ఆలోచన?" అన్నాను.

"తెలుసక్కా. కానీ జెట్టీ మీద బంగారురాజు గ్యాంగ్ మొత్తం ఉంటాది. కాళ్లు కదలట్లేదు."

నాకు వాణ్ని కొట్టాలనిపించింది. ఏడవాలనీ అనిపించింది. చివరికి చెయ్యి పట్టుకుని లేపి, వాడి వెనకే జెట్టీ దాకా నడిచాను.

జెట్టీ మలుపులో బంగారురాజు వాడిని చూడబోయాడు. నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే అవతలి వైపునుంచి గుబుక్ గుబుక్ మని వినిపించింది.

మావ బూట్లకి రంగు వేయించాడు. ఒకటి పసుపు, ఒకటి నీలం, పడవలకు వేసే రంగే. వాటి మీద పడవ మీద రాసినట్టు నంబరు. ముందు వైపు రెండేసి కళ్లు. ఒక చేత్తో తెడ్డు పట్టుకుని, పొడి నేల మీద తెడ్డు వేసుకుంటూ నడిచొస్తున్నాడు.

"హటో హటో! పెద్ద ఓడొస్తంది, దారియ్యండి!"

జెట్టీ పగలబడింది. బంగారురాజు తాడు వదిలేసి కూలబడ్డాడు. "మావా, ఆ రెండు పడవలకీ రిజిస్ట్రేషన్ అయిందేటి?"

"అయిపోనాది. డీజిల్ కోటా కూడా ఒస్తంది."

ఆ గోలలో శివాజీ తల వంచుకుని అందరి మధ్యనుంచి నడిచి, పడవ దగ్గర బూట్లు విప్పి, కట్టి మెడలో వేసుకుని ఎక్కి కూర్చున్నాడు. ఒక్కరు చూడలేదు.

నేను చూశాను. మావనే చూస్తూ నిలబడిపోయాను. కళ్లు మసకబారుతున్నాయి. మావ తెడ్డు వేసుకుంటూ నా పక్కకి వచ్చి, పెదవులు కదలకుండా కసిరాడు.

"ఏటే గుంటా, అలా సూస్తావు? ఆడింకా మోటారు ఎయ్యలేదు. నవ్వు! నువ్వు ఆగితే అందరూ ఆగిపోతారు, ఆడికేసి తిరుగుతారు. నవ్వెహె!"

నవ్వాను. పడవ కదిలేదాకా నవ్వాను.