ఎదుటి జట్టు కుర్చీ

కంప్యూటర్లు బాగుచేసే ఆ కుర్రాడికి కుదురు లేదు. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది, గుప్పిట్లో పాచికలు గలగలమంటూనే ఉంటాయి. ఆదివారాలు బోర్డు ఆటలాడే మిత్రుల దగ్గరికి ఈసారి ఒకామెను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ట్రాన్స్ మహిళ, కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆర్నెల్లుగా ఇద్దరూ ప్రేమించుకుంటున్నారు. ఆ ముక్క ఇక్కడెవరికీ చెప్పలేదు.

"జంటలు ఒకే జట్టులో ఉండకూడదు, కళ్లతోనే కబుర్లాడేసుకుంటారు. ఇక్కడి రూలది," అన్నాడు ఆట నడిపే లావుపాటి మిత్రుడు. "మీరు ఉత్త స్నేహితులేగా? ఒకే జట్టులో పక్కపక్కనే కూర్చోండి." ఆమె రూల్సు పుస్తకంలోంచి తలెత్తలేదు, చదవడం మాత్రం మానేసింది. అతను లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి ఎదుటి జట్టులో, ఆ మిత్రుడి పక్కన కూర్చున్నాడు.

"అయితే ఈ చచ్చు ఆటగాడు మా నెత్తినా?" అని గొణిగాడు మిత్రుడు.

"మీ ఖర్మ," అందామె నవ్వాపుకుంటూ.