కాకిబంగారం లాడ్జి

నేను మద్రాసు జార్జి టౌన్‌కు కాపురానికి వచ్చేనాటికే మా మామగారు మెంబరుగా ఉన్న ఫ్రీమేసన్ అనే రహస్య సంఘం లాడ్జి పని అయిపోవచ్చింది. గూడూరు గనుల నుంచి కాకిబంగారం, అంటే అభ్రకం, తెప్పించి ఓడలకెక్కించే వ్యాపారస్తులంతా ఒకప్పుడు అందులో మెంబర్లేనట. మీటింగు రోజున సందులో తోపుడుబండి దూరే చోటు లేకుండా కార్లు నిలిచేవట. కాకిబంగారం బేరాలు పడిపోయాక ఒక్కొక్కరే తగ్గిపోయి, తొంభైల్లోకి వచ్చేసరికి ఏడుగురు ముసలాళ్ళు మిగిలారు. ఏడుగురు లేనిదే లాడ్జి తెరవకూడదు. అందుకని మామగారు మా ఆయన్ని చేర్పించాలని పట్టుబట్టారు.

నా గుండెల్లో రాయి పడింది. వీధంతా ఆ హాలును తలవెట్టి కోయిల్ అనేవాళ్ళు, అంటే తలకాయ నరికే గుడి. కొత్తగా చేరినవాడి తల నరికి మళ్ళీ అతికిస్తారని మా పాలమనిషి ఒట్టేసి చెప్పింది. బీకాం చదివినదాన్నే, నమ్మాను. ఎందుకు నమ్మను? లోపలేం జరుగుతుందని అడిగితే మామగారంతటి వాగుడుకాయ కూడా నోరు కుట్టేసుకునేవారు. అప్పుడు నాకు మూడో నెల. భయంతో అన్నం సయించేది కాదు. వేవిళ్ళని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ శనివారం సాయంత్రం మామగారు కొడుకు చేత ఉంగరం, వాచీ, చివరికి వెండి మొలతాడు కూడా తీయించారు.

"రేయ్, ఒంటిమీద లోహమనేది ఉండగూడదు" అన్నారు.

మొలతాడు తీయడమా! మగాడికి మొలతాడు ఎప్పుడు తీస్తారో నాకు తెలుసు. మా ఆయన స్నానానికి వెళ్ళగానే, మా అమ్మ పురసవాక్కం నుంచి పంపిన రాగి తాయెత్తును ఆయన బనీను అంచులో పెట్టి కుట్టేశాను. ఆయనకు చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక గుమ్మంలోనే కూర్చున్నాను. తొమ్మిదికి గానీ రామని చెప్పినవాళ్ళు ఏడున్నరకే వచ్చేశారు. ముందు ఆయన మెడ చూశాను. గీత కూడా లేదు. ప్రాణం లేచొచ్చి ఏడ్చేశాను.

మామగారు చెప్పులు విప్పకుండా నా ముందు నిలబడి గుప్పిట తెరిచారు. అందులో నా తాయెత్తు.

"సగంలో బయటపడిందమ్మాయ్. లోహం దొరికితే మొదట్నుంచి మళ్ళీ చేయాల. అంబత్తూరు నుంచి బస్సులో వచ్చిన పెద్దాయనకి ఆయాసం ఎక్కువైంది. ఇంక నావల్ల కాదని ఆటో ఎక్కి పోయినాడు. ఆయన పోతే ఆరుగురమే. మూసేసి వచ్చినాం."

"వచ్చే నెల చేసుకోవచ్చు కదా మామా?"

"చూస్తాం" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ పెద్దాయన పదిరోజులకు పోయారు. లాడ్జి మళ్ళీ తెరుచుకోలేదు. హాలు ఎవరికో గోడౌనయింది. మామగారు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

నాకు కొడుకు పుట్టాక, బారసాలనాడు ఆ తాయెత్తును మామగారే తెచ్చి పసివాడి మొలకు కట్టారు.

"గట్టిది అమ్మాయ్ ఇది. మా లాడ్జినే ఆపేసింది" అన్నారు.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నాకు మాత్రం తలెత్తి ఆయన ముఖం చూడాలంటే భయమేసింది.