చక్రం తిరిగినంతసేపూ

నెట్టు ఆగి టీవీలో ఆ తెల్ల చక్రం తిరగడం మొదలైతే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నెట్టులో పాటలు టీవీలో వచ్చేలా తగిలించే ఆ స్ట్రీమింగ్ స్టిక్ కొన్నది నా ముచ్చటకు కాదు, అత్తయ్య కోసం. పక్షవాతం వచ్చి ఆవిడకు కుడిచెయ్యి, మాట పడిపోయాయి. చర్చిలో పాట ఎత్తాలంటే ఆవిడే ఎత్తాలి అన్నంత పేరున్న మనిషి, ఇప్పుడు 'ఊఁ' అని కూడా అనలేదు. మాట వస్తే త్వరలోనే రావాలి, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం అన్నాడు డాక్టరు. చెవిలో పాట పడుతుంటేనన్నా నోరు కదులుతుందేమోనని ఆశ. మంచం హాల్లో వేసి, పొద్దస్తమానం మా చర్చివాళ్ల పాటల వీడియోలు పెట్టేదాన్ని.

అవి సగంలో ఆగిపోయేవి. నేను చేయని వైద్యం లేదు. రౌటర్‌ని ఆపి మళ్లీ వేశాను. ఫ్రిజ్ వెనకనుంచి తీసి నడవాలో మేకుకి తగిలించాను. స్టిక్ వేడెక్కిపోతోందని చిన్న వైరు కట్టి టీవీకి దూరంగా వేలాడదీశాను. వీడియో క్వాలిటీ తగ్గించాను. హార్బరుకు ఎదురిల్లు కదా, పూటపూటా పేరుకునే నల్ల దుమ్ము తుడిచాను. ఊహూఁ! పాడేవాళ్ల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయేవి.

ఓ ఉదయం వంటింట్లో చేపలు కడుగుతున్నాను. హాల్లో పాట ఆగింది. మళ్లీ మొదలైందిరా దేవుడా అని తిట్టుకునేలోపే తర్వాతి చరణం వినపడింది. వాయిద్యాల్లేవు. ఒక్క గొంతు, లేత పడుచుపిల్ల గొంతు. తడి చేతులతోనే వెళ్లి చూశాను. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. అత్తయ్య ఎప్పట్లాగే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను గుమ్మంలోకి రాగానే గొంతు ఆగిపోయింది.

పక్కింట్లో ఆడపిల్లలు లేరు. కింది వాటాకి తాళం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. స్టీల్‌ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయనతో చెప్పాను.

"నీకు నిద్ర సాలక సెవులు మోగుతన్నాయే," అన్నాడు.

చెవులు మోగితే మాత్రం, చరణం తప్పకుండా మోగుతాయా? ఒంటరిగా హాల్లోకి వెళ్లాలంటే భయమేసేది. బైబిలు తెచ్చి టీవీ బల్లమీద పెట్టాను.

చివరికి, రుషికొండలో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మా తమ్ముణ్ణి పిలిపించాను. గొంతు సంగతి చెప్పలేదు, నవ్వుతాడని. నడవాలో నిలబడి, ఫోన్లో రౌటర్ సంగతులన్నీ చూశాడు.

"అక్కా, మన రౌటరు రాడార్లు వాడుకునే ఛానెల్లో ఉంది. హార్బరు పక్కన కదా, ఏ రాడారు తగిలినా ఇది లేసి ఇంకో ఛానెల్‌కి ఎల్లిపోవాల. అక్కడ నిమిషం సేపు నోరెత్తకుండా ఇంటాది, ఇంకెవులైనా ఉన్నారేమోనని. అందుకే పాట ఆగిపోతంది."

"ఇంటాదా? ఏటి ఇంటాది?"

"గాల్లో ఏటుంటే అది."

నేను హాలు వైపు చూశాను.

తమ్ముడు ఛానెల్ మార్చాడు. అది కుదురుకునేలోగా పాట ఆగింది. మేమిద్దరం ఇంకా నడవాలోనే ఉన్నాం. గొంతు మొదలైంది.

"ఎవులక్కా అది?" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

హమ్మయ్య, నాకొక్కదానికే కాదన్నమాట! నడవాలోంచి హాల్లోని బీరువా అద్దం కనిపిస్తుంది. అద్దంలో అత్తయ్య మొహం. పెదవులు ఒకవైపుకు వంకరగా కదులుతున్నాయి. ఆ వంకర నోట్లోంచి ఒక్క మాట కూడా వంకరపోకుండా ఆ పడుచుపిల్ల గొంతు వస్తోంది. అంతలో టీవీలో పాట తిరిగొచ్చింది, ఆవిడ పెదవులు మూసుకుపోయాయి.

"అయిపోనాదక్కా, ఇంక ఆగదు," అన్నాడు తమ్ముడు.

హాల్లోకి పరుగెత్తి రిమోట్‌తో పాట ఆపేశాను. "పాడండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ నావైపు చూసి మూతి బిగించుకుంది. ఎన్నిసార్లు ఆపినా అంతే. ఆపింది మనిషని తెలిస్తే ఆవిడకు పాట రాదు. ఏడుపొచ్చేసింది నాకు.

"ఒరే, పాత ఛానెలే పెట్టీరా."

"బాగుసేసింది పాడుసెయ్యమంటావేటక్కా?"

"సెయ్యి."

ఆదివారం ఆరాధన లైవ్ పెట్టి, మా ఆయనా నేనూ నడవాలో చప్పుడు చేయకుండా నిలబడ్డాం. ఎంతకీ ఆగదే! రోజూ నాచేత తిట్లు తిన్న నెట్టు, కావాలన్న రోజు గుర్రంలా పరుగెడుతోంది. చివరికి పాట మధ్యలో, తెరమీద జనమంతా నోళ్లు తెరుచుకుని నిలిచిపోయారు. ఇల్లంతా నిశ్శబ్దం. నా తలమీద మేకుకి వేలాడుతూ రౌటర్ వింటోంది. కింద మేమూ వింటున్నాం.

గొంతు లేచింది. మా ఆయన గోడ పట్టుకున్నాడు.

"ఇది ఇప్పటి అమ్మ గొంతు కాదే," అన్నాడు. "నన్ను ఒళ్లో ఏసుకుని పాడినప్పటిది."

చరణం అయిపోయింది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆవిడ ఇంకో చరణం ఎత్తుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంకాసేపు నెట్టు రానివ్వకు తండ్రీ అని ప్రార్థించాను.