అక్క తీయనివ్వని ఆప్షన్

మొన్న ఆఫీసులో కొత్తగా చేరినతను, సర్వర్ నెమ్మదిగా నడుస్తోందని, కెర్నెల్‌లో తప్పులు కనిపెట్టే ఆప్షన్ తీసేద్దామన్నాడు. "వేగం పోవడమే తప్ప దానివల్ల ఉపయోగం ఏముందండీ?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఉండనివ్వమన్నాను.

అదే మాట ఒకప్పుడు గుడివాడలో అక్కతో నేనూ అన్నాను. ఆవిడ నాకు చుట్టం కాదు. అందరూ అక్క అనేవారు, నేనూ అన్నాను. దివిసీమ మనిషి. బట్టల కొట్టు పైన అద్దె గదిలో పిల్లలకు పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్ నడిపేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ పనికి కుదిరాను. ఒక రైస్ మిల్లులో బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌ను మేమే చూసేవాళ్లం. దాని కెర్నెల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగాన్ని, కావలసిన ఆప్షన్లు ఎంచుకుని మేమే తయారుచేసేవాళ్లం. ఆ తయారీని, అంటే కంపైల్‌ని, మొదలుపెట్టి, ఇంటికెళ్లి భోంచేసి, ఓ కునుకు తీసి వచ్చినా అది ఇంకా గురగురలాడుతూనే ఉండేది. మెమరీలో పొరపాటు జరిగితే వెంటనే హెచ్చరించే ఆప్షన్ ఒకటి అక్క తప్పకుండా పెట్టేది. అడుగడుగునా ఆ తనిఖీతో పాపం మిషన్ కాళ్లీడ్చుకుంటూ నడిచేది.

"ఏమ్మా, నీ కంప్యూటర్ బిల్లిచ్చేలోపు లారీ బందరు చేరిపోతోంది!" అని మిల్లు యజమాని మొత్తుకున్నాడు.

ఆ ఆప్షన్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి నడిపి చూశాను. తీస్తే పరుగే. "తీసేద్దాం అక్కా. ఇన్నాళ్లలో ఒక్క హెచ్చరికైనా వచ్చిందా?" అన్నాను.

"మా నాన్నా అదే అన్నాడ్రా," అంది అక్క, స్క్రీన్ వైపే చూస్తూ. "రోజూ వాన, గాలి అనేగా చెప్తారు, బ్యాటరీలు దండగని రేడియో కట్టేశాడు. ఆ సాయంత్రమే ఉప్పెనొచ్చింది. తాడిచెట్టు పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. అమ్మా, నాన్నా, తమ్ముడూ..."

ఆపైన నేను ఆ ఊసెత్తలేదు. ఆ కంప్యూటర్‌కి లేని పరికరాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములన్నీ తీసేసి, కాస్త మెమరీ మిగిల్చి, మళ్లీ కంపైల్ చేశాం. "ఇప్పుడు నయం, లారీ పక్కనున్న గుడ్లవల్లేరు దాకానే వెళ్తోంది" అన్నాడు మిల్లాయన. ఆ హెచ్చరిక మాత్రం నేనున్నంతకాలం ఒక్కసారీ రాలేదు.

తూర్పుగాలి లేచిన రోజున అక్క పాఠం మధ్యలో ఆగిపోయేది. చేతిలో సుద్దముక్కతో, కిటికీ వైపు చెవి పెట్టి అలాగే నిలబడేది. ఉప్పెన నీళ్లు తీసి పాతికేళ్లయిందని మా అందరికీ తెలుసు. అక్కకి మాత్రం ఆ సాయంత్రం ఇంకా తెల్లారలేదు.