నక్క ముట్టిన దోస

ఉదయం ఏడున్నరకి నందిగామలో జగ్గయ్యపేట పల్లెవెలుగు ఎక్కా. ముందురోజు మా అక్క ఫోన్ చేసింది. "పత్తి తీతలయ్యాక చేను క్వారీవాళ్లకి ఇచ్చేస్తున్నాంరా. నక్కదోస విత్తనం కావాలంటే ఇప్పుడే రా" అంది. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. పోతే మళ్లీ దొరకదు. కిరాణా కొట్టు మా ఆవిడకి అప్పగించి బయల్దేరా.

పక్క సీటావిడకి సంగతి చెప్పా. "నక్కలు తినేస్తాయనాండీ ఆ పేరు?" అంది.

"అంతేనండి, దొంగ నక్కలు" అన్నా. నాకు తెలిసిన అర్థం అదే.

చిల్లకల్లు దాటాక సిమెంటు లారీల దుమ్ము, కిటికీ మూసుకోండి. పేట బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నా. చట్నీ వట్టి నీళ్లు, మీరైతే గారె చెప్పండి. షేర్ ఆటోలో ఊరు చేరేసరికి పది.

అక్క చేలోనే ఉంది. పత్తి మధ్య పసుప్పచ్చటి పళ్లు పగిలి ఘుమఘుమలాడుతున్నాయి. పెద్దది చూసి కోయబోయా.

"ఆగరా! అడ్డమైనదీ విత్తనానికి పనికొస్తుందా? నక్క కొరికిందే ఉంచాలి. అది తియ్యటిదే ముడుతుంది. దాన్ని నమ్మి విత్తనం కట్టారు కాబట్టే నక్కదోస అన్నారు. అమ్మ చెప్పలేదూ?"

చేనంతా తిరిగాం. ఒక్క పంటిగాటు లేదు. క్వారీలో పేలుళ్లు మొదలయ్యాక నక్కలు ఇటు రావడం మానేశాయట. అక్క గట్టు మీద కూలబడింది. "అమ్మ విత్తనం నా చేతుల్లోనే ఆగిపోయిందిరా" అని కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి ముక్కు చీది, నన్ను ఎగాదిగా చూసింది. "తిండిపోతువేగా. నువ్వే కొరుకు."

కొరికా. చప్పన. ఇంకోటి కొరికా, నీళ్లు. మరోటి, మళ్లీ చప్పన. పొట్ట డోలైపోయింది, అక్క పడీపడీ నవ్వుతోంది. ఎండ నెత్తికెక్కాక మెరకన ఒక బుల్లిపండు కొరికితే, అబ్బ! బెల్లం! "ఇదే అక్కా!" అని అరిచా. అక్క గింజలు కడిగి, బూడిద కలిపి గుడ్డలో మూటకట్టింది. పిల్లలకని రెండు పళ్లు కూడా నా సంచిలో పడేసింది.

మూడింటి బస్సుకి తిరుగుముఖం పట్టా. ఈ దారిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదండి. ఇన్నాళ్లూ దొంగ అని తిట్టిన నక్కే మా ఇంటి తీపిని కాపాడిందని మాత్రం తెలిసింది.

కండక్టరు నా సంచి వాసన పట్టాడు. "నక్కదోసాండీ? ఇంకా నక్కలెక్కడున్నాయండీ ఈ చుట్టుపక్కల?"

"ఒకటి మీ బస్సులోనే ఉందండి" అన్నా.