ఆయన ఒళ్లో వయొలిన్ పెట్టె

వయొలిన్ పెట్టెలో గంజాయి తెస్తున్న ముసలాయన్ని నర్సీపట్నం బస్సులో పట్టించానని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. అది అబద్ధం.

ఆయన ఆ పెట్టెను పై అరలో పెట్టకుండా ఒళ్లో పొదువుకుని కూర్చున్నారు. పక్క సీట్లో సంచితో కూర్చున్న నాకు అనుమానమొచ్చింది. ఊరి బయట తనిఖీకి కానిస్టేబుల్ ఎక్కగానే ఆ పెట్టె వైపు సైగ చేశాను.

“ఏటి తాతా, అందులో ఏటుంది?”

ఆయన మూత తీశారు. వయొలినే. కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ కదిపి చూసి వదిలేశాడు. వెనక సీట్లో ఉన్న గిరిజన స్త్రీని మాత్రం మూటతో సహా దిగమన్నాడు. దిగితే బస్సు ఆమె కోసం ఆగదని అందరికీ తెలుసు.

ముసలాయన లేచి దారికి అడ్డంగా నిలబడ్డారు.

“నా పెట్టె సీట్లోనే చూశారు కదండీ. ఆవిడ మూట కూడా ఇక్కడే చూడండి.”

“నువ్వేటి, లాయరువా?”

“ఎకనామిక్స్ ప్రొఫెసర్ని. రిటైరయ్యాను.”

“మరి ఫిడేలు వాయించుకోక నీకెందుకు తాతా ఇయన్నీ?”

ఆయన కదల్లేదు. “బేగి తేల్సండి బాబూ!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. చివరికి కానిస్టేబుల్ అక్కడే మూట విప్పించాడు. పసుపు కొమ్ములు.

ఆయన కూర్చుని, సడలిన తీగను బిగిస్తూ నా వైపు తిరిగారు.

“మీ సంచి చూపించమని ఎవరూ అడగలేదు కదండీ?”

“లేదండీ,” అన్నాను.

ఆయన గొంతులో కోపం లేదు. నా అంతట నేనే సంచి విప్పి చూపించాలనిపించింది. విప్పలేదు.